యుద్ధకాలమున ఇల్లు: జపాను కుటుంబస్మృతులపై ఒక పరిశీలనము

యుద్ధమును గూర్చి వ్రాయువారు రెండు తెగలు. సేనలు నడచిన త్రోవలను, ఒడంబడికలను, జయాపజయములను వ్రాయువారు మొదటి తెగ. ఆనాడు పొయ్యిమీద ఏమి ఉడికెనో, పిల్లకు ఏ పాతగుడ్డతో చొక్కా కుట్టిరో వ్రాయువారు రెండవ తెగ. మొదటి తెగవారి గ్రంథములు ప్రతి భాషయందును కొల్లలుగా నున్నవి. రెండవ తెగ వ్రాతలను ఒక ప్రత్యేక సాహిత్యశాఖగా పెంచుకొన్న జాతులలో జపానీయులు ముందువరుసలో నున్నారు. ఆ శాఖకు చెందిన మూడు కృతులను తీసికొని, వానియందలి గుణమేది, కొరత యేది యని విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

షోలాపూరు అశోక్ చౌక్ ప్రాంతమున మగ్గపు చప్పుడు వినుచు పెరిగిన తెలుగువారికి జపాను ఇండ్ల ముచ్చటలతో పని యేమి యని చదువరులు అడుగవచ్చును. పని యున్నదని నా మనవి. అందుకు రెండు కారణములు కలవు. మొదటిది నూలు. రెండవది, ఈ యూరనే పుట్టి, జపాను సేనలతో పోరి గాయపడినవారికి చికిత్స చేయుచు చైనాలో కన్ను మూసిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్. నూలు వలన ఆ ముచ్చటలు మనకు దగ్గరగును. కోట్నీస్ వలన వానిని మనము కనులు తెరచి చదువవలసి వచ్చును. ఈ రెంటిలో ఏ యొక్కటి విడిచినను విమర్శ ఒంటికంటి చూపగును.

మగ్గమునకు అందిన యుద్ధము

తెలంగాణపు పల్లెలనుండి వలస వచ్చిన పద్మశాలీలు షోలాపూరులో మగ్గములు నాటుకొనిరి. 1870 తరువాత ఇచ్చట బట్టల మిల్లులు వెలసినవి. చేమగ్గమునకు నూలు మిల్లునుండి రావలసినదే. మంచి రంగు సముద్రము దాటి రావలసినదే. కావున నేతగాని గుంటమగ్గము చూపునకు ఇంటి మూలను ఉన్నట్లుండినను, దాని పోగులు లోకమంతటికి ముడిపడియే యుండెను. 1934లో జరిగిన భారత జపాను వర్తకపు ఒడంబడిక ప్రకారము, జపాను మనయొద్ద ఎంత దూది కొనునో దానినిబట్టి అది మనకు అమ్మదగిన గుడ్డకు పరిమితి యేర్పడినది. ఆ దశాబ్దమున జపాను కృత్రిమపట్టు నూలు మన దేశపు మగ్గములపై విరివిగా వాడుకలో నుండెను. మన దూది అచ్చటికి పోవుట, అచ్చటి నూలు ఇచ్చటికి వచ్చుట ఆనాటి నిత్యకృత్యము.

1939 సెప్టెంబరులో యుద్ధము మొదలగుటతో జర్మనీ రంగుల రాక ఆగినది. 1941లో జపానుతో వర్తకము ఆగి ఆ నూలును ఆగినది. దేశపు మిల్లులు సైన్యమునకు గుడ్డ నేయుటలో మునిగినందున చేనేతవారికి నూలు దొరకుట దుర్లభమైనది. 1943లో ప్రభుత్వము నూలుపైనను గుడ్డపైనను కంట్రోలు ఉత్తరువు విధించి, ధరను గుడ్డమీదనే ముద్రింపజేసెను. బర్మా 1942లో జపాను వశమగుటచే అచ్చటి బియ్యము రాక నిలిచినది. ఆ కొరతయు ఒక హేతువుగా 1943 నాటి బెంగాలు కరవులో ముప్పది లక్షలమందికి దగ్గరగా మరణించిరి.

తెలుగునేలకు యుద్ధము కంటి యెదుటికే వచ్చినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. అంతకు ముందు, 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై బాంబులు పడిన పిమ్మట, అచ్చట కూలినాలి చేసికొనుచుండిన తెలుగువారు వేలకొలది నడకదారిని, ఓడదారిని పట్టి స్వదేశమునకు తిరిగిరి. త్రోవలో నేలకొరిగినవారు ఎందరో.

ఇంతటి అనుభవమునుండి మన యిండ్లలో మిగిలిన వ్రాత యెంత? మిగిలినది ముఖ్యముగా ఒక మాట. చౌకధరల దుకాణపు బియ్యమును నేటికిని మనవారు అనేకులు కంట్రోలు బియ్యమనియే అందురు. ఆ మాట యుద్ధకాలమున ఇంటిలోనికి వచ్చి, యుద్ధము పోయిన పిమ్మటను కదలక కూర్చున్నది. మాట నిలిచినది గాని దాని వెనుకనున్న కథ వ్రాతకు ఎక్కలేదు. చేనేత, మిల్లులను గూర్చి 1942లో వెలువడిన ప్రభుత్వవిచారణసంఘపు నివేదికలో దేశమందలి మగ్గములు ఇరువది లక్షలకు చేరువగా లెక్కకు వచ్చినవి. లెక్కవ్రాయుట నివేదిక పని. నూలు లేక మగ్గము నిలిచిన దినమున ఆ యింటి ఇల్లాలు ఏమి చేసెనో వ్రాయుట దాని పని కాదు. ఆ పని ఎవరిదో జపానులో ఒక పత్రిక చూపినది.

గృహిణుల వ్రాతలు

1948లో స్థాపితమైన ‘కురషి నో తెచో’ యను పత్రిక గృహజీవితమునకు సంబంధించినది. ‘బ్రతుకు చిట్టా’ యని దాని పేరునకు తెలుగు చెప్పుకొనవచ్చును. వంట, కుట్టుపని, ఇంటి సామానుల మంచిచెడ్డలు దాని విషయములు. దాని సంపాదకుడు యసుజి హనమోరి యుద్ధకాలపు బ్రతుకును గూర్చి వ్రాసి పంపుడని పాఠకులను కోరెను. వేయికి మించి వ్రాతలు వచ్చినవి. 1968 ఆగస్టు సంచికను ఇతర విషయమేదియు లేకుండ ఆ వ్రాతలకే అంకితము చేసిరి. మరుసటి యేడు అది గ్రంథరూపము తాల్చెను.

వ్రాసినవారిలో రచయితలుగా పేరుపడినవారు లేరు. వారు గృహిణులు, ఉపాధ్యాయినులు, ఆనాడు బాలురుగా నుండినవారు. వాక్యములు తడబడును. అయినను సంపాదకుడు వానిని నున్నన చేయ పూనుకొనలేదు. ఇది ఆ సంకలనమునకు ప్రథమగుణము. నున్నన చేసిన స్మృతి పత్రికాభాషలోనికి దిగిపోవును, ఆపై ఎవరి యింటి కథయైనను ఒకటే యగును. తమ పిమ్మట పుట్టబోవువారి కొరకు ఈ సంపుటము చినిగి చీలికలైనను ఇంటిలో ఒక్కటి దాచియుంచవలెనని హనమోరి కోరెను. పెద్దలు మనుమలకు ఆస్తి యప్పగించునట్లు ఆయన ఆకలిని అప్పగించెను.

రెండవ గుణము వస్తువు. ఆ తరపువారి స్మృతులలో ‘దేశము’, ‘త్యాగము’ అను పెద్దమాటలు తడవకు తడవ వెలవెలబోవును. నిలుచునది గుడ్డ, గింజ, కట్టెపుల్ల. నేతగాండ్రము గావున గుడ్డనే చూతము. 1938లోనే జపానుప్రభుత్వము ప్రజల వాడుకకు నూలుబట్టను నిషేధింప మొదలిడెను. దాని స్థానమున వచ్చిన కృత్రిమపు పీచుగుడ్డ ఉతికినంతనే బలము చెడునదిగా పేరొందెను. 1942 ఫిబ్రవరిలో బట్టల చీట్లు వచ్చినవి. ఏడాదికి పట్టణవాసికి 100 పాయింట్లు, పల్లెవాసికి 80. మగవాని సూటునకు 50 పాయింట్లు పోవును, ఒక తువాలునకు 3. తువాళ్లు నేయు ఊరివారమగు మనకు ఈ లెక్క వింతగా తోపక మానదు. తువాలు కొనునప్పుడు ఏడాది పొడవునా ఏ బట్ట మానుకొనవలెనో యోచింపవలసిన బ్రతుకది.

స్త్రీలు కిమోనోలను కత్తిరించి ‘మొంపె’ యను కుచ్చెళ్ల పైజామాలు కుట్టుకొనిరి. పాతగుడ్డలో దూది కూరి పిల్లల తలలకు బాంబుదాడి ముసుగులు కుట్టిరి. సేనలో చేరి పోవువానికి ‘సెన్నిన్‌బరి’ యను నడికట్టు ఇచ్చుట ఆచారము. వేయిమంది స్త్రీలు తలకొక ముడి వేసిన గుడ్డయది. తల్లియో భార్యయో వీథిమొగను నిలిచి, పోవుచు వచ్చుచున్న ప్రతి స్త్రీని ఒక్క కుట్టు వేయుమని వేడుకొనును. పులి సంవత్సరమున పుట్టిన స్త్రీ మాత్రము తన వయస్సెంతయో అన్ని ముడులు వేయవచ్చునట. పులి వేయి క్రోసులు పోయి వేయి క్రోసులు తిరిగి వచ్చునని వారి నమ్మిక. తిరిగి రమ్మని నోటితో అనరాని కాలమున ఆ మాటను సూదితో అన్నారు. ఇట్టి సంగతి ఏ సేనాపతి చరిత్రలోను దొరకదు. కుటుంబస్మృతికి సాహిత్యమున స్థానమేల యను ప్రశ్నకు ఇదియే జవాబు.

సంపాదకుని నీడ

కొరతను ఇక చెప్పవలెను. హనమోరి యుద్ధకాలమున జపానుప్రభుత్వపు పక్షమైన ‘తైసేయ్ యోకుసన్‌కయ్’ సంస్థ ప్రచారశాఖలో పనిచేసెను. కోరికలు మానుడు, పొదుపు చేయుడు అని ఇండ్లకు బోధించిన ప్రచారములో ఆయన చేయి కలదు. ఇరువదియేండ్లు దాటిన పిమ్మట ఆ యిండ్లవారినే మీరెట్లు మాడితిరో వ్రాయుడని అడిగినవాడును ఆయనయే. దీనిని కపటమని కొట్టివేయుట తగదు. తాను చేసినదాని ఫలమును తానే సేకరించి అచ్చువేయుట ఒకవిధమగు ప్రాయశ్చిత్తము. అయినను ఒక సంగతి గమనింపవలసి యున్నది. ఆ సంచికలో ఇంటిపై పడినది విరివిగా కలదు. ఇంటినుండి బయటికి వెడలినది అరుదు. 1945 మార్చి 10వ తేదీ తోక్యో దాడిలో దాదాపు లక్షమంది దగ్ధమైరి. ఆ నిప్పు ఆ తరము స్మృతులలో ఎన్నటికిని ఆరదు. కాని సెన్నిన్‌బరి కట్టుకొని పోయినవాడు పరదేశపు పల్లెలో ఏమి చేసెనో నడికట్టు కుట్టిన తల్లి వ్రాయలేదు. ఆమెకు తెలియదు. తెలిసికొనవలెనని ఎవరును ఆమెను అడుగలేదు.

కుటుంబస్మృతికి ఇది పుట్టుకతో వచ్చిన జాడ్యము. ఇల్లు తన గోడల లోపలిదానిని మాత్రమే చూచును. కథ ఎంత సత్యమైనను గోడ అడ్డుపడును.

అన్న యొప్పుకోలు

రెండవ కృతి అకియుకి నొసాక 1967లో వ్రాసిన ‘మిణుగురుల సమాధి’ యను కథ. 1988లో ఇసావో తకహత దీనిని బొమ్మల చలనచిత్రముగా తీసినందున లోకమెల్ల ఎరిగినది. కోబె నగరముపై జరిగిన దాడిలో తల్లిని కోల్పోయిన అన్నాచెల్లెండ్రు బంధువుల పంచను చేరి, అచ్చట ఇమడలేక వెలికి వచ్చి, ఆకలితో మరణింతురు. తల్లి కిమోనోలు బియ్యమునకు మారకమైపోవు ఘట్టము ఇందు కలదు. చీరను దానముగా ఇచ్చుట మనమెరుగుదుము. చీరను తినుట అను మాటకు అర్థమేమో ఈ ఘట్టము చెప్పును.

నొసాక పసిచెల్లెలు నిజముగనే 1945లో తిండి చాలక మరణించినది. కథలోని అన్నవలె తాను దయ చూపలేదనియు, పాపకు పెట్టవలసినది తానే తింటిననియు ఆయన తరువాత ఒప్పుకొనెను. ఈ యొప్పుకోలు తెలిసిన పిమ్మట కథ అర్థము మారును. అంతవరకు అది జాలికథ. అటుపై అది క్షమాపణము. తాను చేయజాలనిదానిని తన పాత్రచే చేయించి, ఆ పాత్రను బ్రతుకనీయక, తనకు తాను శిక్ష వేసికొనెను. కుటుంబస్మృతి గొప్పతనము ఇచ్చటనున్నది. ‘మాకు ఏమి జరిగెను’ అనుదానితో ఆగక ‘నేనేమి చేసితిని’ అనుచోటికి అది వచ్చినది. అయినను నొసాక ఒప్పుకోలు ఇంటిలోపలిదే. అన్న చెల్లెలికి పడిన బాకీ అది. ఇంటివెలుపలి బాకీ ఇంకను మిగిలియే యున్నది.

గింజ వచ్చిన త్రోవ

ఆ బాకీని తాకిన కృతి మూడవది. ఫుమియో కోనో 2007 మొదలు 2009 వరకు బొమ్మలకథగా ప్రకటింపగా, సునావో కతబుచి 2016లో చలనచిత్రముగా తీసిన ‘ఈ లోకపు ఈ మూలన’. ఈ రచయిత్రి యుద్ధము ముగిసి ఇరువదియేండ్లు దాటిన పిమ్మట పుట్టినది. కావున ఇది చూచినవారి స్మృతి కాదు, విన్నవారు కూర్చిన స్మృతి. హిరోషిమానుండి నౌకాస్థావరమగు కురె పట్టణమునకు కోడలుగా వచ్చిన సుజు యను యువతి కథ యిది. ఆమె కిమోనో కత్తిరించి మొంపె కుట్టును. గింజ ఉబ్బుటకై బియ్యమును వేయించి నానబెట్టి వండును. ప్రాచీన వీరుడగు కుసునోకి పేర ఆ వంటకమునకు గొప్ప ప్రఖ్యాతి కలదు, కాని తిన్న యింటివారి ముఖములు వాడిపోవును. ఇట్టి నవ్వుల నడుమ కాలము గడచుచుండగా బాంబు పేలి, చేయి పట్టి నడిపించుచున్న మేనకోడలిని, ఆ పట్టుకొన్న తన కుడిచేతిని ఒక్కమారే పోగొట్టుకొనును.

1945 ఆగస్టు 15వ తేదీన లొంగుబాటు వార్త రేడియోలో విని సుజు తోటలో పడి యేడ్చును. ఆ యేడ్పున కోనో కథకును కతబుచి చిత్రమునకును భేదము కలదు. బొమ్మలకథలో సుజు తన దేశము ఇతరులను బలాత్కారముతో అణచియుంచినదని ఆ క్షణమున గ్రహించును. చిత్రములో తన దేహము సముద్రముల ఆవలినుండి వచ్చిన బియ్యముతోను సోయాగింజలతోను అయినదే కదా యని గ్రహించును. కొరియా, తైవానుల బియ్యము, మంచూరియా సోయా ఆనాటి జపానును పోషించిన మాట నిజము. చిత్రమున చేసిన మార్పు అపరాధమును మెత్తబరచినదని కొందరు ఆక్షేపింపవచ్చును. నాకు తోచినంతవరకు ఆ మార్పు పాత్రకు తగియున్నది. సుజు రాజకీయమెరుగదు, వంట యెరుగును. నేరము ఆమెకు తెలియవలసినచో గిన్నెలోనుండియే తెలియవలెను. కాని ఒక్క మాట. బియ్యము ఎచ్చటినుండి వచ్చెనో చెప్పి, దానిని పండించినవాడు ఏమి తినెనో చెప్పకున్న గోడలో కిటికీ పెట్టినట్లగును, తలుపు పెట్టినట్లు కాదు.

కోట్నీస్ ఊరినుండి చదువుట

ఆ తలుపు మన యూరిలో తెరచియున్నది. 1910 అక్టోబరు 10వ తేదీన షోలాపూరులో పుట్టిన కోట్నీస్, 1938లో భారత జాతీయ కాంగ్రెసు చైనాకు పంపిన అయిదుగురు వైద్యులలో ఒకడు. 1939లో యెనాన్ చేరి, ఎనిమిదవ మార్గసేనలో వైద్యుడై, డాక్టరు బెథ్యూన్ పేర నెలకొన్న శాంతి వైద్యశాలకు అధిపతి యయ్యెను. 1941లో గువో చింగ్‌లాన్ అను నర్సును పెండ్లాడెను. 1942లో పుట్టిన కొడుకునకు యిన్‌హువా యని పేరిడిరి. యిన్ అనగా భారతము, హువా అనగా చైనా. శిశువునకు నాలుగు మాసములు నిండకముందే, డిసెంబరు 9వ తేదీన, ముప్పదిరెండేండ్ల వయసున కోట్నీస్ మరణించెను. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1944లో ఆయన చరిత్ర వ్రాసెను. శాంతారామ్ 1946లో చలనచిత్రముగా తీసెను. షోలాపూరులో ఆయన పుట్టిన యింట 2012లో స్మారకము తెరవబడినది.

కురె పట్టణపు సుజు ఇల్లు, యిన్‌హువా పుట్టిన ఇల్లు ఒకే యుద్ధమునకు రెండు కొనలు. 1942లో, జపానున బట్టల చీట్లు పంచిన యేటనే, మన యూరివాడు ఆ దేశపు తుపాకులచే గాయపడినవారి నడుమ ప్రాణము విడిచెను. కావున షోలాపూరు చదువరి జపాను తల్లి యాకలికి కన్నీరు పెట్టవచ్చును, పెట్టవలెను. కాని ఆ కన్నీటిలో చైనా పల్లె కొట్టుకొనిపోరాదు. జాలియు న్యాయమును ఒకదానినొకటి మ్రింగకుండ నిలుపుట విమర్శకుని పని. జపాను స్మృతులు మొదటిదానిని మనకు నేర్పినవి. రెండవదానికై కోట్నీస్‌ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువవలెను.

మన చిట్టా

ఇతరుల కొరత నెంచినవాడు తన యింటిని చూచుకొనక తప్పదు. మన కంట్రోలు కథలు కూడ గోడ లోపలివే. నూలు దొరకలేదని చెప్పుదుము. దొరకని నూలు ఎవరి కొట్టులో దాగెనో, ఏ ధరకు వెలికి వచ్చెనో చెప్పము. అట్లు దాచినవారిలో మనవారును ఉండిరో లేదో వెదకము. మగ్గము యజమాని నష్టమును చెప్పుదుము. ఆ మగ్గముపై కూలికి నేసినవాని ఇంట, కండెలు చుట్టిన వాని భార్య యింట పొయ్యి వెలిగెనా యని అడుగము. 1945 నాటికి బెంగాలున కట్టుగుడ్డకు సయితము కరవు వచ్చినది. గుడ్డ నేయు ఊరి స్మృతిలో ఆ గుడ్డలేనివారికి చోటు ఉండవలదా?

ఆ కాలమున పదియేండ్ల పిల్లలుగా నుండినవారు నేడు తొంబదియేండ్లకు పైబడినవారు. మగ్గములు మరమగ్గములైనవి, ఊరి పెద్ద మిల్లులు మూతపడినవి. అశోక్ చౌక్ ఇండ్లలో తెలుగు ఇంకను మాటలాడుదురు గాని, మనుమలలో చాలమంది చదువు మరాఠీలోనో ఇంగ్లీషులోనో సాగుచున్నది. తాత మాటను వినగలరు, వ్రాయజాలరు. తాతకు చెప్ప వచ్చును, చదివించుకొన దిక్కులేదు. ఈ రెంటి నడుమ జారిపోవుచున్నదానిని పట్టుకొనుటకు సంఘము ఒక చిట్టా తెరవవలెను. లిపి ఏదైనను వ్రాసికొందము, తెలుగులోనికి తరువాత మార్చుకొందము.

అడుగవలసిన ప్రశ్నలు పెద్దవి కావు. నూలు లేని దినమున మగ్గముపై ఏమి యుండెను? పెండ్లికి చీర ఎట్లు సంపాదించిరి? ఇంటిలో అందరికంటె తక్కువ తిన్నది ఎవరు? ఈ మూటికి జవాబు వచ్చిన పిమ్మట నాలుగవ ప్రశ్న వేయవలెను: ఆ దినములలో మన చేతిమీదుగా ఎవరికైన కీడు జరిగెనా? మొదటి మూడు ప్రశ్నలను హనమోరి తన పాఠకులను అడిగెను. నాలుగవదానిని అడుగలేకపోయెను. ఆయన వదలినచోటినుండి మొదలుపెట్టుట మనకు సాధ్యము. పడుగు మాత్రము ఉండి పేక లేనిది గుడ్డ కానట్లే, మనకు జరిగినది మాత్రము ఉండి మనము చేసినది లేని స్మృతి పూర్ణము కాదు.